ఇద్దరు చెవుల ప్రొఫెసర్లు

ఆ పెద్దమనిషిని అంకుల్ అని పిలిచినందుకు మొదటిరోజే నాకు అక్షింతలు పడ్డాయి. రెండువేల పదిహేను ప్రాంతం. ఈ పరాయి దేశంలో, ఫ్లాట్ బుష్ అనే పేటలో మా ఇంటికి రెండు వీధుల అవతల కొడుకు దగ్గర ఉండేవాడు. ఆంధ్రాలో ఏదో మెడికల్ కాలేజీలో చెవి ముక్కు గొంతు ప్రొఫెసర్‌గా చేసి రిటైరైన మనిషి. ఇక్కడి తెలుగువాళ్ళం నెరిసిన తల కనిపిస్తే చాలు అంకుల్, ఆంటీ అనేస్తాం. వినాయక చవితికి ఒకళ్ళింట్లో కలిస్తే నేనూ అలవాటుగా "బాగున్నారా అంకుల్" అన్నాను. ఆయన పులిహోర ప్లేటులోంచి తలెత్తి, "ప్రొఫెసర్ గారూ అనమ్మా. అంకుల్స్ వీధికి పదిమంది దొరుకుతారు" అన్నాడు. నేను నోరు తెరిచే లోపే మా ఆయన "సారీ ప్రొఫెసర్ గారూ" అని నా తరఫున చెప్పేశాడు. నాకు ఒళ్ళు మండిపోయింది.

ఇప్పుడిది రాస్తూ ఆ 'గారు' తీసేశాను. 'ఆయన' మాత్రం ఉంచాను. అంతకంటే కిందికి దింపడానికి చెయ్యి రావడం లేదు. నోటికైతే ఎప్పుడో వచ్చింది.

ఆ చవితి రోజే మా ఆయన నా గొప్ప చెప్పబోయి నన్ను ఇరికించాడు. పెళ్ళికి ముందు నేను విజయవాడలో ఒక తెలుగు పేపర్ డెస్కులో టైప్ చేసి ప్రూఫులు దిద్దేదాన్ని. ఈ దేశం వచ్చాక ముసలివాళ్ళని చూసుకునే రెస్ట్ హోమ్‌లో కేర్‌గివర్‌ని. తెల్లదొరసానులకి స్నానాలు చేయించే చోట నా తెలుగు టైపింగ్ ఎవడిక్కావాలి? ప్రొఫెసర్‌కి కావాల్సొచ్చింది. "ఒక మహానుభావుడి జీవితచరిత్ర రాస్తున్నాను. టైప్ చేసిపెట్టు. తప్పులేం ఉండవులే, ఉంటే దిద్దు" అన్నాడు. అడిగినట్టు లేదు, వార్డులో నర్సుకి పని పురమాయించినట్టుంది.

తప్పులుండవన్న మనిషి కర్ణభేరిని ఒక పేజీలో కర్ణబేరి అనీ, మరో పేజీలో ఖర్ణభేరి అనీ రాశాడు. ఒత్తులు ఆయన మూడ్‌ని బట్టి వచ్చేవి. సెలవురోజు మధ్యాహ్నం అన్నాలయ్యాక కూర్చుని ఆ కట్టలు టైప్ చేసేదాన్ని. మా ఆయన వెనకనుంచి వచ్చి, "ఎంత పెద్దాయన, మనకి పని చెప్పాడు చూడు" అని మురిసిపోయేవాడు. స్టూడెంట్‌గా వచ్చి, పెట్రోల్ బంకుల్లో నిలబడి, ఇక్కడే ఉండిపోవడానికి పీఆర్ తెచ్చుకున్న మనిషి. డిగ్రీ అనే మాట వినబడితే చాలు, ఇప్పటికీ నడుం వంగుతుంది.

పుస్తకంలోని మహానుభావుడు పంతొమ్మిదో శతాబ్దంలో యూరప్‌లో వెలిగిన చెవుల డాక్టరు, మెడికల్ ప్రొఫెసరు. ఆయన పేరు కూడా రాయను, రాస్తే నేనూ ఒక దండ వేసినట్టవుతుంది. మందుల కొట్టువాడి కొడుకు. అప్పట్లో డాక్టర్లకి చెవి అంటే చులకన. నూనె పోసేవాళ్ళకీ, పొగ పట్టేవాళ్ళకీ వదిలేసేవారు. ఈయన పట్టుబట్టి చెవినే పట్టుకున్నాడు. ఊరి ఆసుపత్రిలో మెట్ల కింద రెండు మంచాలు అడిగి పుచ్చుకుని దాన్నే వార్డు అన్నాడు. నడిమధ్య చిల్లున్న గుండ్రటి అద్దం నుదుటికి కట్టుకుని, కిటికీ వెలుతుర్ని చెవిలోకి మళ్ళించి చూసేవాడు. ముక్కులోంచి వెండి గొట్టం పోనిచ్చి చెవిలోకి గాలి ఊదేవాడు. ఇక్కడిదాకా టైప్ చేసి, ఫర్వాలేదే, మనిషి పనిమంతుడే అనుకున్నాను.

ఆ తర్వాత ఆయనకి ప్రొఫెసర్ కుర్చీ వచ్చింది, అంతే. ఇక పుస్తకమంతా కుర్చీయే. ఎవరో ప్రభువు మెడలో పతకం వేశాడు. నుదుటికి అద్దం మొదట కట్టుకున్నది నేనంటే నేనని పక్క ఊరి ప్రొఫెసర్‌తో ఏళ్ళ తరబడి తిట్టుకున్నాడు. చెవిలో గుబిలి తీసే పటకారుకి తన పేరు పెట్టుకున్నాడు. వార్డు పెద్దదయ్యే కొద్దీ ఈయన రోగికి దూరం జరిగాడు. చివరి రోజుల్లో హాలు ఆ కొసన కూర్చునేవాడట. రోగిని తెచ్చి నిలబెడితే, జేబు గడియారం చెవి పక్కన పట్టుకుని టిక్‌టిక్ వినబడుతోందా లేదా అని అడిగి, ఒక్క మాటలో తీర్పు చెప్పి పంపేసేవాడట. వినబడి కూడా పలకనివాళ్ళు చాలామంది ఉంటారనీ, ముఖ్యంగా ఆడవాళ్ళూ పిల్లలూ నాటకాలాడతారనీ ఆయన సిద్ధాంతం. మన ప్రొఫెసర్ ఇదంతా చేతులు జోడించి రాశాడు. పతకం బరువు రాశాడు, రిబ్బన్ రంగు రాశాడు, విగ్రహం ఏ దిక్కుకి చూస్తోందో కూడా రాశాడు. అన్ని కట్టల్లో వెతికినా ఒక్క రోగి పేరు లేదు.

అప్పటికి మా అమ్మాయికి నాలుగు నిండి కొన్ని నెలలైంది. ఐదో పుట్టినరోజు రాగానే ఇక్కడ స్కూల్లో వేస్తారు. కిండీలో, అంటే ఇక్కడి నర్సరీ బడిలో, టీచర్ పాటకి పిలిస్తే పిల్లలంతా వెళ్ళి చాప మీద కూర్చుంటారు, మాది ఇసకలో ఆడుకుంటూ ఉండిపోతుంది. పిలిస్తే తిరగదు. ఎదురుగా వెళ్ళి నిలబడితే మాత్రం నవ్వి, చెప్పింది చేస్తుంది. ఎప్పుడూ జలుబే. నోరు తెరుచుకుని నిద్రపోతుంది. టీవీకి అతుక్కుని కూర్చుంటుంది. కొన్ని రోజులు బాగానే పలుకుతుంది, కొన్ని రోజులు గొంతు చించుకున్నా పలకదు. ఆ బాగానే పలికే రోజులే మా కొంప ముంచాయి. "చూశావా, దాని ఇష్టం. కావాలంటే వింటుంది, లేకపోతే లేదు. మొండి ఘటం" అనేవాడు మా ఆయన. ఇంటికొచ్చిన ప్రతివాళ్ళూ దాని తల నిమిరి ఆ మాటే అనేవాళ్ళు. ఒక ఆంటీ అయితే, "ఇంట్లో తెలుగు ఆపేయండమ్మా, రెండు భాషలతో దాని బ్రెయిన్ కన్‌ఫ్యూజ్ అవుతోంది" అని సలహా పారేసి, ఇంకో గారె వేయించుకుంది.

దాని చెవుల్లోనే ఏదో ఉందని నాకు అనుమానం. స్కూల్లో వేసేలోపు అది తేలకపోతే, మొదటి వారంలోనే మాట వినని పిల్ల అని ముద్ర పడుతుంది. ఒకసారి పడ్డాక ఆ ముద్ర ఎవడు చెరుపుతాడు? డాక్టర్‌కి చూపిద్దామంటే మా ఆయన ఇంతెత్తున లేచాడు. "చెవుల ప్రొఫెసర్‌ని ఇంత దగ్గర్లో పెట్టుకుని ఇంకో డాక్టరెందుకు?" అన్నాడు. ఆదివారం నాడు నన్నూ పాపనీ కారెక్కించి ఆయన దగ్గరికి తీసుకెళ్ళాడు.

ప్రొఫెసర్ స్వెట్టర్ మీద గొలుసు వేలాడదీసుకుని ఉన్నాడు. ఆ గొలుసుకి ఒక జేబు గడియారం. పాత సామాన్ల షాపులో కొన్నాడట, తన మహానుభావుడి గుర్తుగా. పాపని ఎదురుగా స్టూలు మీద కూర్చోబెట్టి, గడియారం దాని చెవి దగ్గర పెట్టి, కళ్ళు పెద్దవి చేసి, తలాడిస్తూ, "వినబడుతోందా?" అన్నాడు. పాప ఆయన మొహం చూసి తనూ తలాడించింది. గడియారం రెండో చెవికి మార్చాడు. మళ్ళీ కళ్ళు పెద్దవి, మళ్ళీ తలాడించడం. మా అమ్మాయీ ఆడించింది. నేను తలాడించినా ఆడించేది, గోడ మీద క్యాలెండర్ ఊగినా ఆడించేది. తర్వాత వెనక్కి వెళ్ళి పేరు పెట్టి పిలిచాడు. పలకలేదు. మళ్ళీ పిలిచాడు. పాప బల్ల మీది బిస్కెట్లు చూసుకుంటోంది.

"క్లియర్ కేసు" అన్నాడు వచ్చి సోఫాలో కూలబడుతూ. "చెవులు ఫస్ట్ క్లాస్. వినబడుతుంది, వినదు. మొండితనం. మా పుస్తకంలో ఆయన చెప్పాడుగా, నువ్వే టైప్ చేశావుగా అమ్మా."

"మీరు తలాడించారు కాబట్టి అదీ ఆడించిందండీ" అన్నాను.

"నలభయ్యేళ్ళ ప్రాక్టీసమ్మా నాది" అన్నాడు. పాప వంక కాదు, మా ఆయన వంక చూసి. మా ఆయన "అవునండీ, అవునండీ" అన్నాడు. ఇద్దరూ క్రికెట్‌లో పడ్డారు. నాకు ఆ గడియారం గొలుసుతో సహా లాగి కిటికీలోంచి విసిరేయాలనిపించింది. బిస్కెట్ ఒకటి పాప చేతిలో పెట్టి లేచాను.

ఆ తర్వాతి కట్టలో, పతకాల బరువుల మధ్య, ఒక అరపేజీ తగిలింది. మెట్ల కింద రెండు మంచాల రోజుల సంగతి. మందబుద్ధులనీ మాట వినరనీ బళ్ళోంచి తరిమేసిన పేదపిల్లల్ని తల్లులు ఈయన దగ్గరికి తెచ్చేవారట. ఎప్పుడూ జలుబు, నోరు తెరిచే ఉంటుంది, ఒకరోజు వింటారు, ఒకరోజు వినరు. అద్దం కట్టుకుని చూస్తే కర్ణభేరి వెనక జిగురు నీరు. సన్నటి సూదితో చిల్లు పెట్టి, ఆ నీరు బయటికి వచ్చేలా చేసేవాడట. పిల్లలు మర్నాడు తల్లి గొంతు వినేవారట. టైపింగ్ ఆపి, ఆ అరపేజీ మళ్ళీ మొదటినుంచి చదివాను. ఆ కుర్ర డాక్టరు, కుర్చీ రాకముందు మెట్ల కింద ఉన్న ఆ కుర్రాడు, మా అమ్మాయిని చూసి ఉంటే ఒక్క నిమిషంలో పట్టేసేవాడు. అదే మనిషి పతకం మెడలో పడ్డాక గడియారం పట్టుకుని హాలు కొసన కూర్చున్నాడు. మన ప్రొఫెసర్ ఈ అరపేజీని తన చేత్తో రాశాడు. మంచి చేతిరాత కూడాను. రాసిన మనిషికే చెవికెక్కలేదు.

ఆ పేజీ పట్టుకెళ్ళి ఆయన ముందు పెట్టాను. "మా పాపకీ ఇదే ఏమోనండీ" అన్నాను. ఆయన కళ్ళజోడు పెట్టుకుని చదివి, "ఇక్కడ కామా ఎందుకు తీసేశావ్?" అన్నాడు. తర్వాత, "అదంతా ఆయన కుర్రతనంలో సంగతమ్మా. మురికివాడల పిల్లలకి వస్తుంది. మన పిల్లలకెందుకొస్తుంది?" అన్నాడు. పేజీ వెనక్కి తీసుకుని వచ్చేశాను.

స్కూల్‌కి ముందు పిల్లలందరికీ ఇక్కడ ఒక చెకప్ చేస్తారు. ఎత్తు, బరువు, పళ్ళు, మాట తీరు. అక్కడ నర్సుతో చెవుల గురించి గట్టిగా చెప్పాలని నేను కాచుక్కూర్చున్నాను. తీరా ఆ రోజు రెస్ట్ హోమ్‌లో ఇద్దరు డ్యూటీకి రాలేదు, నన్ను రమ్మన్నారు. మా ఆయన పాపని తీసుకెళ్ళాడు. "చెవుల సంగతి చెప్పు" అని వెయ్యిసార్లు చెప్పి పంపాను. "ఆఁ ఆఁ" అన్నాడు. చెప్పేవాడు కాదు. ప్రొఫెసర్ మాట ఆయనకి వేదం.

మన తెలుగులో ఒక తిరకాసుంది. చప్పుడు చెవిన పడడాన్నీ వినడమే అంటాం, చెప్పినట్టు చేయడాన్నీ వినడమే అంటాం. మా ఆయన నర్సు ముందు కూర్చుని పాప మొండితనం గురించి మొర పెట్టుకుందామనుకున్నాడు. కిండీ వాళ్ళకి చెప్పి కాస్త దారిలో పెట్టిస్తారేమోనని ఆశ. తలలో తెలుగు, నోట్లో ఇంగ్లీషు. "షి ఈజ్ నాట్ హియరింగ్, సిస్టర్" అన్నాడట. "వాటెవర్ ఐ సే, షి ఈజ్ నాట్ హియరింగ్. మై వైఫ్ సేస్, నాట్ హియరింగ్. టీచర్ సేస్, నాట్ హియరింగ్."

నర్సు కంగారుగా ఎప్పట్నుంచి అని అడిగిందట.

"ఫ్రమ్ వన్ ఇయర్, సిస్టర్. డే బై డే మోర్."

సాయంత్రం నేను ఇంటికొచ్చేసరికి మా ఆయన మొహం కందగడ్డలా ఉంది. "నేను మాట వినడం లేదని చెప్తే, ఆవిడ పిల్లకి చెవుడని రాసుకుంది! హియరింగ్ టెస్ట్‌కి అర్జెంట్‌గా పంపిస్తోంది! నేనేం చెప్పాను, ఆవిడేం రాసింది!" అని చిందులు తొక్కాడు. ఏమన్నావో మళ్ళీ చెప్పమన్నాను. చెప్పాడు. నేను వంటింట్లో నేల మీద చతికిలబడి పొట్ట పట్టుకుని నవ్వాను. నవ్వుతూ నవ్వుతూ ఏడ్చాను. మా ఆయన ఇంగ్లీషుకి మనసులోనే దణ్ణం పెట్టుకున్నాను.

మర్యాద కోసం మా ఆయన ఈ సంగతి ప్రొఫెసర్‌కి ఫోన్లో చెప్పాడు. అవతల భూకంపం. "నేను చూసి చెప్పాక ఒక నర్సు పంపిస్తే వెళ్తారా? నా డయాగ్నోసిస్‌కి విలువ లేదా?" మా ఆయన పదిసార్లు సారీ చెప్పి, నా వంక చూసి, "క్యాన్సిల్ చేద్దామా?" అన్నాడు.

"చేసి చూడు" అన్నాను. నా గొంతులో ఏం వినిపించిందో, మళ్ళీ ఆ మాట ఎత్తలేదు.

టెస్ట్ చేసే గది చిన్నది, గోడలకి మెత్తటి గుడ్డ. పాపకి హెడ్‌ఫోన్స్ పెట్టి, చేతికి ఒక రంగు చెక్క ముక్క ఇచ్చారు. చప్పుడు వినబడగానే దాన్ని బకెట్‌లో వేయాలి. అదొక ఆటనుకుంది. చెక్క ముక్కని బుగ్గకి ఆనించుకుని, శ్వాస కూడా పీల్చకుండా ఎదురుచూసింది. చప్పుడు పంపినట్టు గుర్తుగా మిషన్ మీద లైటు వెలిగింది. మళ్ళీ వెలిగింది. పాప ఎదురుచూస్తూనే ఉంది. మా ఆయన ఉండబట్టలేక వెయ్యి, వెయ్యి అని కళ్ళతో సైగ చేశాడు. అది ఆయన్ని చూసి టక్కున వేసేసింది. టెస్ట్ చేసే అమ్మాయి మర్యాదగానే, దయచేసి మీరు పాప వెనక కూర్చోండి అంది. వెళ్ళి వెనక కూర్చున్నాడు. ఇక అక్కణ్ణుంచి లైట్లు వెలుగుతూనే ఉన్నాయి, చెక్క ముక్క బుగ్గ మీదే ఉంది. మా ఆయన భుజాలు జారిపోవడం నేను చూశాను. జాలేసింది. కోపం మాత్రం పోలేదు.

రెండు చెవుల్లోనూ కర్ణభేరి వెనక జిగురు నీరు. చప్పుడు తెలుస్తుంది, మాట తెలియదు, అది మీ మొహాలు చూసి నెట్టుకొస్తోంది అన్నారు. చిన్న ఆపరేషన్ చేసి, కర్ణభేరికి ఆవగింజంత గొట్టం పెడితే నీరు పోతుందన్నారు. ఆ మెట్ల కింద కుర్రాడి సూదికి మనవడి మనవడన్నమాట ఆ గొట్టం.

టైప్ చేసిన కట్టలు తిరిగిచ్చేయడానికి వెళ్ళి ప్రొఫెసర్‌తో చెప్పాను, ఫలానా అని తేలిందండీ అని. సిగ్గుపడతాడనుకున్నాను, నాదీ ఎంత ఆశో! "ఓ, అదా! అది నాకు తెలియకపోవడమేంటి? నేను పుస్తకంలో రాశాను కదా" అన్నాడు. "దానంతటదే తగ్గేదానికి ఆపరేషన్లెందుకు? వీళ్ళకి పనీపాటా లేదు." ఆ నోటితోనే మిగతా కట్టలు ఎప్పటికవుతాయని అడిగాడు. ఇంక నా వల్ల కాదండీ అన్నాను. వేళ్ళు నొప్పులా అన్నాడు. కాదు, మీ పుస్తకమంటే అసహ్యం అన్నాను. ఆయన నవ్వి, సాహిత్యం అందరికీ పట్టదులే అని నన్ను ఓదార్చాడు. ఇలాంటి చర్మం ఉంటేగానీ ప్రొఫెసర్లు కాలేరేమో.

పుట్టినరోజుకి ముందే ఆపరేషన్ అయింది. ఆ వారం ఒక సాయంత్రం నేను పప్పు తాలింపు వేస్తుంటే, మా ఆయన వంటగట్టు దగ్గర నిలబడి, మామూలు గొంతుతో, "ఆ బూట్లు తలుపు దగ్గర పెట్టమ్మా" అన్నాడు. పాప హాల్లో మాకు వీపు పెట్టి అట్టముక్కలు కలిపి బొమ్మ పేర్చుకుంటోంది. లేచి వెళ్ళి బూట్లు పెట్టి వచ్చి మళ్ళీ కూర్చుంది. మా ఆయన నా చెయ్యి పట్టుకున్నాడు. కళ్ళనిండా నీళ్ళు. మనిషి మంచివాడే, అదే కదా నా బాధ.

ఆ ఆనందంలో ఎవరికి ఫోన్ చేశాడంటారా? ప్రొఫెసర్‌కే. స్పీకర్‌లో పెట్టి, "పాప ఇప్పుడు చక్కగా వింటోందండీ ప్రొఫెసర్ గారూ!" అన్నాడు.

"వినక ఏం చేస్తుందయ్యా! ఐదేళ్ళొస్తున్నాయి, మొండితనం దిగింది. మొండి పిల్లలంతా అంతే. ఆపరేషన్ మీ తృప్తి కోసం, అంతే" అంది ఫోను.

పాప వెనక్కి తిరిగింది. ఎవరూ పిలవలేదు, ఎవరూ సైగ చేయలేదు. ముక్క చేతిలో పట్టుకుని, ఫోన్ వంక చూస్తూ, "డాడీ, ఈజ్ తాతయ్య టాకింగ్ అబౌట్ మీ?" అంది.

"ఎందుకమ్మా అలా అడిగావ్?" అన్నాడు మా ఆయన.

"హి సెడ్ మై అదర్ నేమ్."

"ఏ పేరు?"

"మొండి" అంది, చాలా మామూలుగా. అని, మళ్ళీ బొమ్మ వైపు తిరిగి, చేతిలో ముక్క ఎక్కడ పడుతుందా అని చూసుకుంటోంది.